గుండెజబ్బు అనుమానంతో వచ్చినవారిని డాక్టరు అన్ని ప్రశ్నలు ఎందుకు అడుగుతారు?

ఛాతీలో నొప్పి అనో, ఆయాసం అనో ఆసుపత్రికి వచ్చినవారిలో చాలామంది డాక్టరుగారి ముందు కూర్చోగానే చేసే మొదటి పని, చేతిలోని ఫైలు బల్లమీద పెట్టడం. "అన్నీ అందులో ఉన్నాయండీ" అంటారు. ఇ.సి.జి. ఉంటుంది, రక్తపరీక్షల కాగితాలు ఉంటాయి, ఒక్కోసారి ఎకో రిపోర్టు కూడా ఉంటుంది. డాక్టరుగారు ఆ ఫైలును పక్కకు జరిపి, "ముందు మీకేమవుతోందో చెప్పండి" అంటే కొందరికి చిరాకు కలుగుతుంది. ఇంత డబ్బు పెట్టి పరీక్షలు చేయించుకుంటే వాటిని చూడకుండా ఈ ముచ్చట్లేమిటి అనుకుంటారు.

నిజానికి ఆ మాటలే మొదటి పరీక్ష. 1975లో బ్రిటన్‌లో హాంప్టన్ అనే వైద్యుడు, ఆయన సహచరులు ఒక లెక్క తీశారు. మెడికల్ ఓ.పి.కి కొత్తగా వచ్చిన 80 మంది రోగుల విషయంలో, జబ్బు ఏమిటో ఏ దశలో తెలిసిందని చూశారు. 66 మందిలో రోగి చెప్పిన వివరాలను బట్టే డాక్టరు సరైన నిర్ణయానికి రాగలిగారు. ఒళ్ళు పరీక్షించడం వల్ల తేలినవి 7, ప్రయోగశాల పరీక్షల వల్ల తేలినవి మరో 7. వారంతా గుండె రోగులు కారు. అప్పటికీ ఇప్పటికీ పరీక్షలు చాలా పెరిగాయి కూడా. అయినా గుండె విషయంలో ఆ లెక్క చెప్పిన సంగతి నేటికీ చెల్లుతుంది. గుండె రక్తనాళాలు సన్నబడినవారికి కూడా విశ్రాంతిగా ఉన్నప్పుడు తీసిన ఇ.సి.జి. పూర్తిగా మామూలుగా ఉండవచ్చు. నొప్పి వచ్చేది చెరువుగట్టు ఎక్కేటప్పుడు. ఇ.సి.జి. తీసేది మంచంమీద పడుకోబెట్టి. గట్టుమీద ఏం జరిగిందో ఆ కాగితానికి తెలియదు, రోగికే తెలుసు.

ఈ జబ్బును మొదట స్పష్టంగా గుర్తించింది కూడా రోగుల మాటలు వినే. 1768లో లండన్‌లో విలియం హెబర్డెన్ అనే వైద్యుడు తోటి వైద్యుల ముందు ఒక వ్యాసం చదివారు. 1772లో అది అచ్చయింది. అప్పటికి స్టెతస్కోపు కూడా లేదు, అది 1816లో గాని రాలేదు. నడుస్తుండగా, అందులోనూ ఎత్తు ఎక్కుతుండగా, భోజనం చేసిన కొద్దిసేపటికి రొమ్ములో వచ్చి, నిలబడిపోగానే పోయే బాధను ఆయన వర్ణించి దానికి యాంజైనా అని పేరు పెట్టారు. ఈనాడు యాంజియోగ్రామ్ చేసే డాక్టరు కూడా ముందుగా అడిగేది ఆ విషయాలే.

నొప్పి ఇప్పుడే ఉంటే

ముందుగా ఒక హెచ్చరిక. ఛాతీ మధ్యలో బరువు, పట్టేసినట్టుండటం 15, 20 నిమిషాలు దాటినా తగ్గకపోతే, దానితో చల్లని చెమటలు, వాంతి, ఊపిరాడకపోవడం ఉంటే, ఇది ఇంట్లో కూర్చుని ఆలోచించే సమయం కాదు. 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన 108 అంబులెన్సు ఇప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉంది. దానికి ఫోన్ చేయండి. రోగిని మోటారు సైకిలు నడుపుకుంటూ రానివ్వకండి. ఆస్పిరిన్ పడనివారికి, కడుపులో పుండు ఉండి రక్తస్రావం అయినవారికి తప్ప, 325 మి.గ్రా. ఆస్పిరిన్ మాత్ర ఒకటి నమిలి మింగించమని డాక్టర్లు సాధారణంగా చెబుతారు. ఫోనులో మాట్లాడేవారిని అడిగి ఇవ్వండి. నాలుక కింద పెట్టుకునే మాత్రను మాత్రం పక్కింటివారి దగ్గర అడిగి తెచ్చి పెట్టవద్దు. బి.పి. పడిపోయి ఉన్నవారికి అది ప్రమాదం.

ఇలాంటి రోగి రాగానే పది నిమిషాలలోపు ఇ.సి.జి. తీయాలన్నది నియమం. అది తీస్తూనే డాక్టరు కొన్ని ప్రశ్నలు గబగబా అడుగుతారు. అన్నిటికంటే ముఖ్యమైనది, "సరిగ్గా ఎన్నిగంటలకు మొదలైంది?" పెద్ద గుండెపోటులో గడ్డను కరిగించే ఇంజెక్షను 12 గంటలలోపు ఇస్తారు. మొదటి రెండు మూడు గంటలలో ఇస్తే మేలు ఎక్కువ, తర్వాత గంట గంటకూ తగ్గుతుంది. ట్రోపోనిన్ అనే రక్తపరీక్ష కూడా నొప్పి మొదలైన వెంటనే చేస్తే తేడా చూపకపోవచ్చు, కొన్ని గంటల తర్వాత మళ్ళీ చేయవలసి రావచ్చు. కాబట్టి "పొద్దున్నుంచి" అన్న జవాబు చాలదు. గడియారం చూడలేదా? పాలవాడు వచ్చి వెళ్ళాకా, ముందా? పిల్లలు బడికి బయలుదేరారా? ఇలా ఏదో ఒక గుర్తు పట్టుకుని చెప్పండి.

"ఎప్పుడైనా పక్షవాతం వచ్చిందా? ఈమధ్య ఆపరేషను జరిగిందా? తలకు దెబ్బ తగిలిందా? విరేచనం నల్లగా అవుతోందా?" అని కూడా అడుగుతారు. గుండెనొప్పితో వస్తే మలం రంగు ఎందుకని బంధువులు విసుక్కుంటారు. గడ్డను కరిగించే మందు గుండెలోని గడ్డనే కాదు, మెదడులోనో కడుపులోనో పాత గాయాన్ని కప్పి ఉంచిన గడ్డను కూడా కరిగిస్తుంది. ఆ ప్రశ్నలకు నిజం చెప్పకపోతే ప్రాణం నిలపవలసిన మందే ప్రాణం తీయవచ్చు.

"గ్యాస్" అనే మాట

ఇక నెమ్మదిగా మాట్లాడుకునే వ్యవధి ఉన్న రోగి సంగతి చూద్దాం. మన ఊళ్ళలో గుండెజబ్బును ఎక్కువగా దాచిపెట్టే మాట ఒకటుంది. అది గ్యాస్. కడుపులో ఉబ్బరమైనా గ్యాసే, ఛాతీలో పట్టేసినా గ్యాసే, జబ్బ లాగినా గ్యాసే. గ్యాస్ అన్నది రోగికి కలిగిన బాధ కాదు, ఆ బాధకు రోగి తనంతట తాను ఇచ్చుకున్న తీర్పు. డాక్టరుకు కావలసింది తీర్పుకు ముందున్న బాధ. ఉదాహరణకు ఒక 55 ఏళ్ళ రైతుతో సంభాషణ ఇలా ఉంటుందనుకోండి.

"ఏమి ఇబ్బంది పెద్దాయనా?"

"ఏముందండీ, గ్యాసండీ. ఆర్నెల్ల నుంచి."

"గ్యాస్ అంటే మీకు ఎలా ఉంటుంది? ఎక్కడ ఉంటుంది?"

"ఇదిగో, ఇక్కడంతా పట్టేసినట్టు ఉంటదండీ." అరచేయి మొత్తం రొమ్ము మధ్యన ఆనించి చూపిస్తాడు.

"ఏ వేళప్పుడు వస్తుంది?"

"పొద్దున్నే చద్దన్నం తిని చేనుకు పోయేటప్పుడు. గట్టు ఎక్కేసరికి వస్తది. కాసేపు నిలబడి ఓ బీడీ కాల్చుకునేసరికి త్రేన్పొచ్చి తగ్గిపోద్ది."

"నిలబడకుండా అలాగే నడిస్తే?"

"నడవలేనండీ."

ఇంతలో పక్కనున్న భార్య అందుకుంటుంది. "ఇదివరకు గట్టు ఎక్కి తూముదాకా పోయాక వచ్చేదండీ. ఈ పదిరోజుల నుంచి మా వీధి దాటకుండానే ఆగిపోతున్నారు. నిన్న రాత్రి నిద్రలోంచి లేచి కూర్చున్నారు. మీకు చెప్పొద్దన్నారు."

ఈ నాలుగు మాటల్లో డాక్టరుకు చాలా దొరికింది. నడిస్తే రావడం, ఆగితే పోవడం గుండె రక్తనాళాల జబ్బును సూచిస్తుంది. త్రేన్పు వచ్చి తగ్గిందని ఆయన అనుకున్నాడు గాని, తగ్గింది నిలబడినందువల్ల. అన్నిటికన్నా విలువైన మాట భార్య చెప్పింది. ఆర్నెల్లుగా ఒకే దూరానికి వచ్చే నొప్పి వేరు, పదిరోజులుగా దూరం తగ్గుతూ చివరికి నిద్రలో కూడా వచ్చే నొప్పి వేరు. మొదటిదానికి మందులు రాసి, పరీక్షలు నిదానంగా చేయించవచ్చు. రెండవది గుండెపోటు గుమ్మంలో నిలబడిందనడానికి గుర్తు. ఆ రోజే ఆసుపత్రిలో చేర్చుకోవాలి. ఇ.సి.జి. ఇద్దరికీ ఒకేలా ఉండవచ్చు. వీధి దాటలేకపోతున్నారన్న మాట బయటకు రాకపోతే ఆయన గ్యాసు మాత్రలు కొనుక్కుని ఇంటికి వెళ్ళిపోయేవాడు.

ఇక్కడ ఇంకొక సంగతి. గ్యాసు మందు తాగితే నొప్పి తగ్గినంత మాత్రాన అది గుండెనొప్పి కాదని రుజువు కాదు. అలాగే నాలుక కింద మాత్రతో తగ్గినంత మాత్రాన గుండెనొప్పేనని కూడా రుజువు కాదు, అన్ననాళం బిగుసుకుని వచ్చే నొప్పి కూడా ఆ మాత్రతో తగ్గుతుంది. మందుతో తగ్గిందా లేదా అన్నది ఒక వివరం మాత్రమే.

నొప్పిని ఎలా చెప్పాలి?

తెలుగులో మనం "గుండెల్లో" అన్నప్పుడు ఛాతీ అంతా వస్తుంది. గుండెల్లో మంట అన్నది చాలాసార్లు కడుపులోని పులుపు పైకి ఎగదన్నడం. అందుచేత డాక్టరు "చేత్తో చూపించండి" అంటారు. చూపించే తీరు కూడా ఒక ఆధారమే. గుండెనొప్పి ఉన్నవారు తరచు అరచేతితోనో, పిడికిలి బిగించి రొమ్ము మధ్యన ఆనించో చూపిస్తారు. అమెరికా వైద్యుడు శామ్యూల్ లెవైన్ పేరు మీద దీనిని లెవైన్ గుర్తు అంటారు. ఒక్క వేలితో ఒక్కచోట పొడిచి "ఇదిగో, ఇక్కడే" అని చూపేవారికి, ఆ చోట నొక్కితే అదే నొప్పి వచ్చేవారికి అది ఎముకలదో కండరాలదో అయ్యే అవకాశం ఎక్కువ. కాని ఈ ఒక్కదాన్నిబట్టి ఇంట్లో ఎవరికివారు నిశ్చయించుకోకూడదు.

నొప్పి గుణాన్ని మీ సొంత మాటల్లో చెప్పండి. రాయి పెట్టినట్టు, ఎవరో కూర్చున్నట్టు, తాడుతో బిగించినట్టు, రోకలితో నొక్కినట్టు. ఇవన్నీ డాక్టరుకు పనికివచ్చే మాటలే. కొందరు "నొప్పి కాదండీ, అదోరకంగా ఉంటుంది" అంటారు. అలా అనేవారిని తేలికగా తీసుకోకూడదు. గుండెకు రక్తం చాలనప్పుడు కలిగేది చాలామందిలో నొప్పి కాదు, బరువు. "నొప్పి ఉందా?" అని అడిగితే లేదనే చెబుతారు, అది అబద్ధం కాదు.

ఆ తర్వాత అది ఎక్కడిదాకా పాకుతోంది అన్నది. ఎడమ జబ్బకు పోతుందని అందరికీ తెలుసు. కుడిచేతికి, రెండు చేతులకు, మెడకు, కింది దవడకు, వీపుకు, పొట్ట పైభాగానికి కూడా పోతుంది. పళ్ళు బాగానే ఉన్నా నడిచినప్పుడల్లా దవడ లాగుతుంటే అది పంటి డాక్టరు పని కాకపోవచ్చు. ఉన్నట్టుండి కత్తితో చీల్చినట్టు మొదలై వీపులోకి పోయే భరించరాని నొప్పి మరో రకం. శరీరంలోకెల్లా పెద్దదైన రక్తనాళం పొర చిట్లినప్పుడు అలా వస్తుంది. దానికి గడ్డను కరిగించే మందు ఇస్తే ప్రమాదం. గాలి గట్టిగా పీల్చినప్పుడు పొడిచి, ముందుకు వంగి కూర్చుంటే తగ్గే నొప్పి గుండె చుట్టూ ఉండే పొర వాపుది కావచ్చు. మొదలైన తీరు, పాకిన దారి, దేనితో పెరిగింది, దేనితో తగ్గింది, ఎంతసేపు ఉంది అన్నవి డాక్టరు ఒక్కొక్కటిగా అడిగేది ఇందుకే.

షుగర్ ఎక్కువకాలంగా ఉన్నవారికి, ముసలివారికి, స్త్రీలకు ఈ వర్ణనలు సరిగ్గా కుదరకపోవచ్చు. ఛాతీలో ఏమీ లేకుండా ఉన్నట్టుండి ఆయాసం, చెమటలు, మునుపెన్నడూ లేని నీరసం, వాంతి, వీటితోనే గుండెపోటు రావచ్చు. "ఒంట్లో బాగోలేదు" అని పనిచేస్తున్న ఇల్లాలు పని మానేసి పడుకుందంటే, ఆమె మామూలుగా పడుకునే మనిషి కాదని ఇంట్లోవారే డాక్టరుకు చెప్పాలి.

ఆయాసం, దడ, కళ్ళు తిరగడం

ఆయాసాన్ని తెలంగాణలో దమ్ము అంటారు, కొన్నిచోట్ల ఎగపోత అంటారు. మాట ఏదైనా డాక్టరుకు కావలసింది కొలత. 1928లో న్యూయార్క్ హార్ట్ అసోసియేషన్ గుండె రోగులను నాలుగు తరగతులుగా విభజించింది. మామూలు పనులకు ఏ ఇబ్బందీ లేనివారు మొదటి తరగతి. కూర్చున్నా ఆయాసపడేవారు నాలుగవ తరగతి. మధ్య రెండు తరగతులను నిర్ణయించేది రోజూ చేసే పనులే. నిండు బిందె ఎత్తుకుని ఎంతదూరం నడవగలరు? మీతో బయలుదేరిన మీ ఈడువారు ముందుకు పోతుంటే మీరు వెనకపడుతున్నారా? పోయిన సంక్రాంతికి చేయగలిగిన పని ఇప్పుడు చేయగలుగుతున్నారా? చాలామంది ఆయాసం రాకుండా పనే తగ్గించుకుంటారు. మేడమీద గది వదిలి కిందికి మారతారు. "ఆయాసం ఉందా?" అంటే "లేదండీ" అంటారు. గది ఎందుకు మారారో చెప్పినప్పుడే సంగతి తెలుస్తుంది.

"ఎన్ని తలగడలు పెట్టుకుంటారు?" అన్న ప్రశ్న విని నవ్వేవారున్నారు. గుండె బలహీనపడినప్పుడు పడుకోగానే ఊపిరితిత్తులలో నీరు చేరుతుంది. ఒక తలగడ రెండవుతుంది, మూడవుతుంది, చివరికి కూర్చునే నిద్రపోతారు. పడుకున్న గంట రెండు గంటలకు ఊపిరాడక లేచి కిటికీ దగ్గరకో ఆరుబయటికో పోయి కూర్చుంటే తగ్గడం మరొక గుర్తు. దీన్ని ఉబ్బసం అనుకుని ఏళ్ళ తరబడి అవే మందులు వాడేవారున్నారు. సాయంత్రానికి రెండు కాళ్ళూ వాచి, వేలితో నొక్కితే సొట్ట పడుతుంటే అదీ చెప్పండి. అయితే బి.పి.కి వాడే అమ్లోడిపిన్ మాత్ర వల్ల కూడా కాళ్ళు వాస్తాయి.

గుండె దడ అంటే కొందరికి వేగంగా కొట్టుకోవడం, కొందరికి ఒక్కసారి ఆగి ధన్‌మని కొట్టుకోవడం. "ఎలా కొట్టుకుంటుందో బల్లమీద వేళ్ళతో కొట్టి చూపండి" అంటే సిగ్గుపడకండి. ఒకే వేగంతో టకటకా కొట్టారా, లయ తప్పి కొట్టారా అన్నదాన్నిబట్టి ఏ రకం దడో సగం తెలిసిపోతుంది. స్విచ్ వేసినట్టు మొదలై స్విచ్ తీసినట్టు ఆగితే అదీ చెప్పాలి. దడ ఉన్నప్పుడు తీసిన ఇ.సి.జి. ఒక్కటి, లేనప్పుడు తీసినవి పదింటికంటే విలువైనది.

కళ్ళు తిరగడం అన్న మాట కూడా ఇబ్బందికరమైనదే. ఇల్లంతా గిర్రున తిరిగినట్టుండటం చాలావరకు చెవికి సంబంధించినది. కళ్ళు బైర్లు కమ్మి పడిపోబోవడం, పడిపోవడం వేరు. ఎండలో క్యూలో ఎక్కువసేపు నిలబడి, ముందుగా చెమట పట్టి, వికారం పుట్టి పడిపోయినవారికి సాధారణంగా భయం లేదు. పరుగెడుతుండగానో బరువు మోస్తుండగానో హఠాత్తుగా పడిపోయినవారిని, ముందు ఏ సూచనా లేకుండా పడిపోయినవారిని తప్పక పరీక్షించాలి. గుండె కవాటం బిగుసుకుపోయినా, గుండె కండరం మందమైనా, లయ తప్పినా అలా జరుగుతుంది. పడిపోయిన మనిషికి తాను పడిపోయిన తీరు తెలియదు. చూసినవారు వెంట రావాలి. ముఖం పాలిపోయిందా, ఎంతసేపటికి లేచారు, లేచాక వెంటనే మాట్లాడారా, ఇవి వారు చెప్పాలి. ఫిట్స్ అని మందులు వాడుతున్న పిల్లల్లో కొందరికి అసలు జబ్బు గుండె లయలో ఉంటుంది.

పాత సంగతులు

"చిన్నప్పుడు కీళ్ళవాపులు వచ్చాయా?" అని 30 ఏళ్ళ మనిషిని అడగడానికి కారణముంది. గొంతునొప్పి తర్వాత వచ్చే రుమాటిక్ జ్వరంలో మోకాలు వాచి తగ్గితే చీలమండ వాస్తుంది, అది తగ్గితే మోచేయి. కీళ్ళు బాగైపోతాయి గాని గుండె కవాటాలు దెబ్బతినవచ్చు. ఆ సంగతి పదిహేను ఇరవై ఏళ్ళకు బయటపడుతుంది. ఆడవారిలో చాలాసార్లు మొదటి కాన్పు సమయంలో బయటపడుతుంది. గర్భిణికి ఆయాసం మామూలే అని పెద్దవాళ్ళు సర్దిచెబుతారు. రాత్రి పడుకోలేకపోవడం, దగ్గుతో రక్తపుజీర పడటం మామూలు కాదు. కాన్పయిన తొలి నెలల్లో కొత్తగా ఆయాసం, కాళ్ళవాపు వచ్చినా అంతే. అలాంటప్పుడు గుండె కండరం బలహీనపడి ఉండవచ్చు. చిన్నప్పుడు 21 రోజులకొకసారి పెన్సిలిన్ ఇంజెక్షన్లు చేయించుకుని మధ్యలో మానేసినవారు ఆ సంగతి మరువకుండా చెప్పాలి.

స్త్రీలను అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది. డాక్టర్లు కూడా దీన్ని తరచు మరచిపోతారని నా అభిప్రాయం. మన జిల్లాల్లో చిన్నవయసులోనే గర్భసంచి ఆపరేషను చేయించుకున్నవారు ఎక్కువ. గర్భసంచితోపాటు అండాశయాలు కూడా తీసేశారా, ఏ వయసులో తీశారు అన్నది గుండెకు సంబంధించిన విషయమే. అండాశయాలు త్వరగా పోయినవారికి గుండెజబ్బు ముప్పు పెరుగుతుంది. గర్భంతో ఉన్నప్పుడు బి.పి. గాని షుగరు గాని వచ్చి, కాన్పుతో తగ్గిపోయిందని మరచిపోయినవారు కూడా చెప్పాలి.

కుటుంబంలో తండ్రికో అన్నదమ్ములకో 55 ఏళ్ళలోపు, తల్లికో అక్కచెల్లెళ్ళకో 65 ఏళ్ళలోపు గుండెపోటు వచ్చి ఉంటే దాన్ని వంశపారంపర్యపు ముప్పుగా లెక్కిస్తారు. "మా నాన్న గుండెపోటుతో పోయారు" అంటే చాలదు, ఎన్నేళ్ళకు పోయారో కావాలి. 85 ఏళ్ళకు పోయినది లెక్కలోకి రాదు. ఇంట్లో ఎవరైనా చిన్నవయసులో నిద్రలో చనిపోయారా, బాగా ఈత వచ్చినవారు నీళ్ళలో మునిగిపోయారా అని కూడా అడుగుతారు. గుండె లయకు సంబంధించిన కొన్ని వంశపు జబ్బులు అలా బయటపడతాయి. మేనరికం సంబంధాల గురించి అడిగితే తప్పుపడుతున్నారనుకోవద్దు. పుట్టు చెవుడు ఉండి, పరుగెత్తినప్పుడో భయపడ్డప్పుడో స్పృహ తప్పే పిల్లల జబ్బును నార్వేలో జెర్వెల్, లాంగే నీల్సన్ అనే వైద్యులు 1957లో వర్ణించారు. తల్లిదండ్రులు ఇద్దరి నుంచీ సంక్రమిస్తేనే వచ్చే జబ్బు అది. దగ్గరి సంబంధాలున్న కుటుంబాల్లో దీని గురించి అడగకపోతే పొరపాటు.

చెప్పడానికి మొగమాటపడేవి

పొగతాగుతారా అంటే "లేదండీ" అంటారు, ఆ వారమే మానేసినవారు కూడా. బీడీ, సిగరెట్టు, చుట్ట ఏదైనా, ఏ వయసులో మొదలైంది, రోజుకు ఎన్ని, ఎప్పుడు మానేశారు అన్నవి మూడూ చెప్పండి. ఆడవారిని ఈ ప్రశ్న అడగడం మానేసే డాక్టర్లు శ్రీకాకుళం, విశాఖ తీరప్రాంతాన్ని గుర్తుచేసుకోవాలి. అక్కడ నిప్పు ఉన్న కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే పెద్దావిడలు ఉన్నారు. ఖైనీ, గుట్కా, కల్లు, సారా కూడా దాచకూడదు. ఎక్కువగా తాగేవారికి గుండె కండరమే బలహీనపడుతుంది, లయ తప్పుతుంది.

మగవారు మరో విషయం దాస్తారు. దాంపత్యం కోసం వాడే మాత్రలు. సిల్డెనాఫిల్ వేసుకున్న 24 గంటలలోపు, టడలాఫిల్ వేసుకున్న 48 గంటలలోపు నాలుక కింద మాత్ర పెడితే బి.పి. ప్రాణాపాయంగా పడిపోతుంది. అత్యవసర విభాగంలో డాక్టరు బంధువులను పక్కకు పంపి ఈ ప్రశ్న అడిగితే, ఆయన కుతూహలం కొద్దీ అడగడం లేదు. అవునో కాదో ఒక్కమాట చెబితే చాలు.

ఎవరు చెప్పాలి?

ఆసుపత్రులలో తరచు కనిపించేది, కొడుకు మాట్లాడటం, తల్లి మౌనంగా కూర్చోవడం. కొడుకు సదుద్దేశంతోనే "మా అమ్మకు కార్డియాక్ ప్రాబ్లమ్ అండీ" అంటాడు. ముందు ఆమెను చెప్పనివ్వండి. తర్వాత మీరు చూసినది కలపండి. ఈ పుస్తకం చదివే నర్సులకు, ఆశా కార్యకర్తలకు కూడా ఒక మనవి. "ఎడమ చెయ్యి లాగుతోందా అమ్మా?" అని అడిగితే సగం మంది అవునంటారు. "ఇంకా ఎక్కడైనా ఉందా అమ్మా?" అని అడిగి ఆగండి.

ఆగడం డాక్టర్లకూ కష్టమే. 1984లో అమెరికాలో బెక్‌మన్, ఫ్రాంకెల్ అనే ఇద్దరు డాక్టరు, రోగి సంభాషణలను పరిశీలిస్తే, రోగి చెప్పడం మొదలుపెట్టిన సగటున 18 సెకన్లకే డాక్టరు అడ్డుపడుతున్నట్టు తేలింది. వందమంది ఓ.పి.లో మన దగ్గర అది ఎంత ఉంటుందో ఊహించుకోవచ్చు. అందుచేత అన్నిటికంటే ఎక్కువగా భయపెడుతున్న మాటను మొదటే చెప్పేయండి. చాలామంది దాన్ని లేచి వెళ్ళేటప్పుడు, తలుపు దగ్గర చెబుతారు.

మందుల విషయంలో మాత్రం మాటలకన్నా సంచి మేలు. తెల్లమాత్ర, ఎర్రమాత్ర అంటే ఎవరూ చెప్పలేరు. వాడుతున్నవన్నీ అట్టలతో సహా తీసుకురండి. మోకాళ్ళ నొప్పులకు దుకాణంలో కొనుక్కునే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటివి కూడా తేవాలి, అవి ఒంట్లో నీరు నిలిపి గుండె బలహీనతను పెంచుతాయి. ఊళ్ళో వేయించుకున్న ఇంజెక్షన్లు, నాటుమందులు, పొడులు కూడా చెప్పండి. కృత్రిమ కవాటం ఉండి అసిట్రోమ్ వాడేవారు చివరి ఐ.ఎన్.ఆర్. కాగితం తేవాలి. స్టెంటు వేయించుకున్నవారు రక్తం పలచబడే మాత్రలను పన్ను పీకించుకోవడానికో, ఖర్చు తగ్గించుకోవడానికో కొద్దిరోజులు మానేసి ఉంటే, ఏ రోజున మానేశారో చెప్పాలి. స్టెంటు మూసుకుపోవడానికి అది ఒక ముఖ్య కారణం. స్టెంటు వేసినప్పుడు ఇచ్చిన కార్డును బీరువాలో దాచకుండా ఆ సంచిలోనే ఉంచుకోండి.